పటాలానికి పోయిన తాతలు: సందేహాలు - సమాధానాలు

పాత మిలిటరీ కాగితాలు, పతకాల గురించి ఏమైనా అడగండి అన్నాక మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఆశ్చర్యమేమీ లేదు. బెంగుళూరు దండు ఆ ఊళ్లకు దగ్గర. కుప్పంలో రైలెక్కితే పొద్దు వాలకముందే పటాలం గేటు ముందు దిగొచ్చు. అలా దిగినవాళ్ల మనవళ్లు, మునిమనవరాళ్లే ఇప్పుడు రాస్తున్నారు. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి జవాబు చెబుతున్నాను.

*మా ముత్తాత జర్మనీ యుద్ధానికి పోయి వచ్చినాడని మా అవ్వ చెప్పేది. ఏ పటాలమో ఎవరికీ తెలీదు. ట్రంకు పెట్టెలో రూపాయి కన్నా పెద్ద వెండి బిళ్ల దొరికింది. ఒక పక్క రాజు తల, ఇంకో పక్క గుర్రం మీద బట్టల్లేని మనిషి. ఎక్కడ మొదలుపెట్టాలి?*
– పాఠకురాలు, మదనపల్లె

అమ్మా, మీ చేతిలో ఉన్నది 1914-18 యుద్ధానికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్. గుర్రం కాళ్ల కింద చూడండి, గద్ద బొమ్మ ఉన్న డాలు, పుర్రె, ఎముకలు కనిపిస్తాయి. ఆ గద్ద జర్మనీది. రిబ్బను మిగిలి ఉంటే నడుమ నారింజ రంగు పట్టీ, దానికి రెండు వైపులా తెలుపు, నలుపు, నీలం చారలు ఉండాలి.

ఇక బొమ్మల్ని వదిలి అంచు చూడండి. మీకు కావలసింది అక్కడే ఉంది. నంబరు, హోదా, పేరు, పటాలం, ఈ నాలుగూ ఆ సన్నటి అంచు చుట్టూ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఉంటాయి. చీకటి పడ్డాక సెల్‌ఫోన్ టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేసి, బిళ్లను కొంచెం కొంచెంగా తిప్పుతూ చదవండి. కనిపించింది కనిపించినట్టే కాగితం మీద రాసుకోండి. అర్థం కాని అక్షరం దగ్గర చుక్క పెట్టండి, ఊహించి పూరించొద్దు.

ఒక్క మాట బతిమాలి చెబుతున్నాను. చింతపండు, బూడిద పెట్టి తోమకండి. ఆ పక్క పల్లెలో ఒక ఇంట్లో ఇలాంటి పతకమే చూశాను. ప్రతి సంక్రాంతికీ ఇత్తడి సామానుతో పాటు దాన్నీ తోమేవాళ్లట, ప్రేమగానే. రాజు ముక్కు అరిగిపోయింది. అంచు మీద పయనీర్ల పటాలమని తెలిపే అక్షరాలు మాత్రం మిగిలాయి. మనిషి పేరు పోయింది. ఆ ఇంటి పెద్దాయన ఆ మాట నా నోట విన్నాక బిళ్లను చాలాసేపు అరచేతిలో మూసి పట్టుకుని కూర్చున్నాడు.

పటాలం పేరు దొరికితే దారి పడుతుంది. మన వైపు మనుషులు ఎక్కువగా కనిపించేది మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్‌లో. వంతెనలు కట్టడం, కందకాలు తవ్వడం, మందుపాతరలు తీయడం వీళ్ల పని, బెంగుళూరు వీళ్ల ఇల్లు. తర్వాత 61, 64, 81 నంబర్ల పయనీర్లు. వీళ్లు ఒక చేత్తో తుపాకి, ఒక చేత్తో పార పట్టినవాళ్లు. 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికా తీరాన టాంగా దగ్గర జరిగిన యుద్ధంలో 61వ పయనీర్లు ఉన్నారు. ఆ పక్కనే 63వ పాలంకోట లైట్ ఇన్‌ఫంట్రీ కూడా ఉంది. ఇవి కాక కర్నాటిక్ ఇన్‌ఫంట్రీ అనే పేరుతో కొన్ని పటాలాలు ఉండేవి. మీ బిళ్ల వెండి కాక కంచుదైతే, ఆయన కూలిదళంలోనో, సిపాయిల వెంట పనివాడిగానో పోయినట్టు. ఆ కంచు పతకం అరుదు. దాన్ని తక్కువగా చూడొద్దు.

ఉన్నమాట చెప్పాలి. మొదటి యుద్ధానికి పోయిన మద్రాసు సిపాయి పూర్తి సర్వీసు కాగితం దొరకడం చాలా కష్టం. పంజాబ్ సైనికుల రిజిస్టర్లు లాహోరులో బయటపడి 2021లో అందరికీ అందుబాటులోకి వచ్చాయని విని చాలామంది అందులో వెతుకుతున్నారు. అవి పంజాబ్ ఊళ్లవి, మనవాళ్లు అందులో ఉండరు. పయనీర్ల పటాలాలను 1933 నాటికి ఎత్తేసి చాలామందిని శాపర్లలో కలిపేశారు కాబట్టి, ముందు బెంగుళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ సెంటర్‌కు ఉత్తరం రాయండి. నంబరు, పేరు, పటాలం, పతకం అంచు ఫొటో జతచేయండి. మనిషి కాగితం దొరకకపోయినా పటాలం నడిచిన దారి దొరుకుతుంది. లండన్ శివారు క్యూలో ఉన్న బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూ.ఓ. 95 అనే వరసలో ఆ యుద్ధపు దినచర్య పుస్తకాలున్నాయి. ఏ రోజు ఏ ఊరి దగ్గర గుడారం వేశారు, ఎంతమందికి జ్వరాలు వచ్చాయి, వాన పడిందా అన్నదీ అధికారి పెన్సిలుతో రాసి పెట్టాడు. మీ ముత్తాత పేరు అందులో ఉండకపోవచ్చు. ఆయన తడిసిన వాన మాత్రం ఉంటుంది.

వెతికేటప్పుడు ఊరి పేరుతో జాగ్రత్త. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకు ముందు పటాలంలో చేరినవాడైతే మదనపల్లె, వాయల్పాడు మనిషి కడప జిల్లా కింద, పుంగనూరు, కుప్పం మనిషి ఉత్తర ఆర్కాటు కింద ఉంటాడు. ఇంకో చిక్కు, తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. కాగితంలో చిత్తూరు అని కనిపించగానే మనవాడే అనుకోకండి, తాలూకా పేరు చూడండి. ఇంటిపేరు దాదాపు ఎక్కడా రాయలేదు. ఒంటి పేరు, తండ్రి పేరు, అంతే. ఆ ఒంటి పేరునూ గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. మునుస్వామికి నాలుగైదు స్పెల్లింగులుంటాయి, అన్నీ వెతకాలి.

*మా దేవుని గూట్లో అరచేతి కన్నా పెద్ద కంచు పళ్లెం ఒకటుంది. త్రిశూలం పట్టిన అమ్మ, ముందు సింహం. నాలుగు తరాలుగా అమ్మవారని పసుపు కుంకాలు పెడుతున్నాం. మొన్న మా ఇంటికి వచ్చిన లెక్చరర్ ఒకరు ఇది యుద్ధానిది అన్నారు. నిజమేనా?*
– పాఠకుడు, పుంగనూరు

నిజమే నాయనా. మీరు పంపిన ఫొటో చూసి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఆ అమ్మ బ్రిటానియా, ఇంగ్లండు దేశానికి గీసిన రూపం. ఒక చేతిలో త్రిశూలం, ఇంకో చేతిలో ఆకుల దండ, ముందు సింహం, పక్కన రెండు డాల్ఫిన్ చేపలు. మొదటి యుద్ధంలో చనిపోయిన ప్రతి సైనికుడి ఇంటికీ ప్రభుత్వం పంపిన జ్ఞాపక ఫలకం అది. వెడల్పు 12 సెంటీమీటర్లు. స్వేచ్ఛ కోసం, గౌరవం కోసం ప్రాణమిచ్చాడని చుట్టూ ఇంగ్లీషులో రాసి ఉంటుంది. సింహం తల పైన చిన్న దీర్ఘచతురస్రపు గడి ఉంది చూడండి, మీ ఫొటోలో కుంకుమ కింద మూసుకుపోయిన చోటు. అందులో ఒక పేరు ఉబ్బెత్తుగా పోత పోసి ఉంటుంది. హోదా రాయలేదు. ప్రాణం ఇవ్వడంలో కర్నలు, కూలివాడు ఒకటేనని అలా పెట్టారు.

దీన్ని బతికి వచ్చినవాడికి ఇవ్వలేదు. అంటే మీ ఇంటి నుంచి పోయిన ఒక మనిషి తిరిగి రాలేదు. బహుశా మీ జేజి కాలానికే ఆ మాట చెప్పేవాళ్లు కరువయ్యారు.

గోరువెచ్చటి నీళ్లలో తడిపిన మెత్తటి నూలుగుడ్డతో ఆ గడి మీది కుంకుమను మెల్లగా అద్ది తీయండి. పేరు చదివి, కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో వెతకండి. 1917లో పుట్టిన ఈ సంస్థ రెండు యుద్ధాల్లో పోయిన సుమారు 17 లక్షల మంది పేర్లను దాచింది, వెతకడానికి రూపాయి అక్కర్లేదు. పేరుతో దొరక్కపోతే పటాలంతో వెతకండి. కొందరి పేరు పక్కన తండ్రి పేరు, ఊరు, తాలూకా కూడా ఉంటాయి. సమాధి ఎక్కడుందని చూడొద్దు. హిందూ సిపాయిలను దహనం చేశారు కాబట్టి వాళ్ల గుర్తు ఏదో ఒక స్మారకం గోడమీద ఉంటుంది. ఫ్రాన్స్‌లో పోతే న్యూవ్ షాపెల్, ఇరాక్ వైపు పోతే బస్రా. మన దగ్గరైతే చెన్నై నందంబాక్కంలోని వార్ సిమెటరీలో మొదటి యుద్ధపు స్మారకం ఉంది.

ఫలకాన్ని గూట్లోంచి తీయాలా అని మీరు అడగలేదు కానీ, ఉత్తరంలో ఆ బెంగ కనిపించింది. తీయకండి. పెద్దవాళ్ల ఫొటో పెట్టుకునే ఇంట్లో ఆ పేరుకు చోటుంది. మహాలయ పక్షంలో ఇన్నాళ్లూ ఎవరికీ పెట్టని పిండం ఇప్పుడు పేరు చెప్పి పెట్టొచ్చు.

*మా జేజినాయన స్కాట్లాండు పటాలంలో పని చేసినాడని ఇంట్లో చెప్పుకుంటారు. పావడాలు కట్టుకున్న సోల్జర్ల పక్కన ఆయన నిలబడిన ఫొటో ఉంది. ఏనుగు బొమ్మ ఉన్న బ్యాడ్జీ కూడా ఉంది. స్కాట్లాండుకు రాస్తే వివరాలు వస్తాయా?*
– పాఠకుడు, కుప్పం

రావు, అక్కడ వెతికితే కాలం వృథా. కానీ మీ ఇంటి మాట అబద్ధం కాదు.

స్కాటిష్ పటాలాలు మన మనుషులను చేర్చుకునేవి కావు. అయితే ఇండియన్ ఆర్మీ బ్రిగేడు అంటే మామూలుగా మూడు దేశీ పటాలాలు, ఒక తెల్లవాళ్ల పటాలం. ఆ ఒకటి కొన్నిసార్లు స్కాట్లాండుది అయ్యేది. ఇరాక్‌లోని కూట్ ఊళ్లో ముట్టడిలో చిక్కుకున్న బ్రిటిష్ సేనను విడిపించబోయి 1916 జనవరిలో రెండో బ్లాక్ వాచ్, ఒకటో సీఫోర్త్ పటాలాలు ఎంత దెబ్బ తిన్నాయంటే, మిగిలినవాళ్లను కలిపి కొంతకాలం ఒకే హైలాండ్ పటాలంగా నడిపారు. ఆ మడుల్లో, ఆ బురదలో వాళ్ల పక్కన మన సిపాయిలు, శాపర్లు, గాడిదల వాళ్లు, నీళ్లు మోసే భిస్తీలు, వంటవాళ్లు ఉన్నారు. మీ జేజినాయన వాళ్లకు వంతెన వేసినవాడో, నీళ్లు పోసినవాడో అయి ఉంటాడు. అలాంటి వాళ్లు ఆ పటాలం జాబితాకు ఎక్కరు. వాళ్లను ఇండియన్ ఆర్మీ వైపు, ఫాలోయర్ అన్న మాట కింద వెతకాలి.

ఏనుగు సంగతి ఇంకా బాగుంది. 1803 సెప్టెంబరు 23న ఇప్పటి మహారాష్ట్ర జాల్నా జిల్లాలోని అస్సాయే దగ్గర మరాఠాలతో జరిగిన యుద్ధంలో స్కాట్లాండు 74వ హైలాండర్లు, మద్రాసు పటాలాలు ఒకే వరసలో నిలిచాయి. ఆ గెలుపు గుర్తుగా ఇద్దరికీ ఏనుగు బిరుదు దక్కింది. 74వ పటాలం వారసులైన హైలాండ్ లైట్ ఇన్‌ఫంట్రీ టోపీ బిళ్ల మీద చిన్న ఏనుగు ఉంటుంది, అది నక్షత్రం అడుగున అస్సాయే అనే పేరుతో కలిసి ఉంటుంది. మన మద్రాస్ రెజిమెంట్ బిళ్లలో మాత్రం ఏనుగే పెద్దది. మీ బ్యాడ్జీలో కంటికి ముందు ఆనేది ఏది? ఏనుగే అయితే నీలగిరి వెల్లింగ్టన్‌లోని మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు రాయండి. కాకపోతే ఏ స్కాట్లాండు కుర్రవాడో స్నేహంగా ఇచ్చి పోయినదేమో.

స్కాట్లాండును చూసి నేర్చుకోవలసింది మాత్రం ఉంది. 1914 నవంబరులో ఎడిన్‌బరాలో సర్ జార్జ్ మెక్‌క్రే ఒక వలంటీరు పటాలం ఎత్తితే, హార్ట్స్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాళ్లు కట్టకట్టుకుని చేరారు. జాక్ అలెగ్జాండర్ అనే రచయిత ఏళ్ల తరబడి ఇల్లిల్లూ తిరిగి, పాత ఉత్తరాలు, ఫొటోలు పోగేసి ఆ పటాలం కథ రాశాడు. 2004లో ఫ్రాన్స్‌లోని కాంటల్‌మెజాన్ ఊళ్లో వాళ్ల పేర రాళ్ల గుట్ట లేచింది. 1940 బాంబు దాడిలో మొదటి యుద్ధపు బ్రిటన్ సైనికుల సర్వీసు కాగితాలు సగానికి పైగా కాలిపోయాయి. అయినా వాళ్లకు దారి మూసుకుపోలేదు, ఇళ్లలో దాచిన కాగితాలున్నాయి, ఊరి రాతి మీద పేర్లున్నాయి.

*రెండో యుద్ధంలో మా తాత డిశ్చార్జి పుస్తకం దొరికింది. ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అని ఉంది. దీంతో ఏం తెలుస్తుంది? మిలిటరీ పట్టా భూమి గురించి కూడా చెప్పండి.*
– పాఠకుడు, మదనపల్లె మండలం

రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్. తిండి, పెట్రోలు, లారీలు, కంచరగాడిదలు వీళ్ల చేతిలో. ఇప్పటి వారసుడు ఆర్మీ సర్వీస్ కోర్ (ఏ.ఎస్.సి.), దాని దక్షిణాది రికార్డ్స్ ఆఫీసు బెంగుళూరులో ఉంది. డిశ్చార్జి పుస్తకం మీ దగ్గరుంటే సగం పని అయినట్టే. చేరిన తేదీ, ఎత్తు, పుట్టుమచ్చలు, పోయిన దేశాలు, పతకాలు అన్నీ అందులోనే ఉంటాయి. పతకాల గడిలో బర్మా స్టార్ ఉంటే బర్మా పోరులోకి దిగినట్టు, ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్ ఉంటే అటు పోయినట్టు. దేశ పటంతో ఉన్న ఇండియా సర్వీస్ మెడల్ దేశంలోనే మూడేళ్లు చేసినవాళ్లకు ఇచ్చారు. పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో వేసి సీలు చేయకండి, చెమ్మ పట్టి అతుక్కుపోతుంది. ప్రతి పేజీ ఫొటో తీసి ఇంట్లో నలుగురి ఫోన్లలో ఉంచండి.

భూమి సంగతి: మాజీ సైనికుడికి డి.కె.టి. పట్టా ఇచ్చి ఉంటే తహసీల్దారు ఆఫీసు పాత అడంగల్‌లో, డైగ్లాట్‌లో ఆ సర్వే నంబరు ఎదుట కనిపిస్తుంది. ఆ ఫైలులో మీ తాత ఇచ్చిన అర్జీ ఉండొచ్చు. చిత్తూరు సైనిక సంక్షేమ కార్యాలయంలో కూడా అడగండి. పతకానికి, కాగితానికి బేరం పెట్టే దళారులు తిరుగుతున్నారు, వాళ్లకు ఫొటో కూడా ఇవ్వకండి.

*మా నాయనమ్మ అన్న సింగపూరులో తప్పిపోయినాడు. యుద్ధం అయిపోయినా జాబు రాలేదు. చనిపోయినాడో, అక్కడే కాపురం పెట్టినాడో తెలీదు. ఆమె చచ్చేదాకా ఎదురు చూసింది.*
– పాఠకురాలు, పుంగనూరు

అమ్మా, 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానుకు లొంగిపోయినప్పుడు మన సైనికులు నలభై వేలకు పైగా ఖైదీలయ్యారు. అక్కడి నుంచి వాళ్ల దారులు చీలాయి. కొందరు ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. కొందరు చేరమని శిబిరాల్లో ఉండిపోయారు. ఇంకొందరిని జపాను వాళ్లు న్యూ గినీ, న్యూ బ్రిటన్ దీవులకు కూలికి తోలారు, అక్కడ ఆకలికి, రోగాలకు చాలామంది పోయారు.

మొదట సింగపూరు క్రాంజీలోని స్మారకం పేర్లు చూడండి. అక్కడ 24 వేలకు పైగా పేర్లున్నాయి, ఒంటి పేరు పెట్టి మద్రాసు దళాలతో వడపోయండి. బర్మాలో పోయి ఉంటే రంగూన్ దగ్గర తౌక్యాన్‌లోని స్మారకంలో దాదాపు 27 వేల పేర్లున్నాయి. రెండింటిలో లేకపోతే ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఆజాద్ హింద్ ఫౌజ్ ఫైళ్లున్నాయి, అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైటులో వాటి పట్టిక చూడొచ్చు. ఒకటి గుర్తుంచుకోండి, ఆజాద్ ఫౌజ్‌లో చేరి చనిపోయినవాడి పేరు క్రాంజీ గోడమీద లేకపోవచ్చు. లేదంటే బతికున్నాడని కాదు.

ఆయన రాసిన ఒక్క జాబైనా ఉందేమో ఇల్లంతా వెతకండి. కవరు మీది ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రలో ఉన్న నంబరు చాలు, ఆ తేదీకి ఆయన ఎక్కడున్నాడో తేల్చడానికి.

*మా ఊరి చావడి గోడకు ఒక పాలరాయి ఉంది. ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి పోయినారు, అందులో ఇంతమంది ప్రాణమిచ్చినారు అని అంకెలున్నాయి, పేర్లు లేవు. యువకులం కలిసి పేర్లు సేకరిద్దామంటే, తెల్లవాళ్ల కోసం చచ్చినవాళ్లకు ఇదేమిటని కొందరంటున్నారు.*
– పాఠకుడు, పలమనేరు దారిలోని ఒక పల్లె

మీ చావడి రాయి లాంటివి ఇండియా అంతటా ఊళ్లలో నాటారు, మాట ఒకటే, అంకె మాత్రం వేరు. ఊరి రాయే కాదు, బస్రా స్మారకం కూడా అంతే. 40 వేల మందికి పైగా గుర్తుగా కట్టిన ఆ గోడమీద తెల్లవాళ్లకూ, మన అధికారులకూ పేర్లు చెక్కి, మామూలు సిపాయిలను పటాలం పేరు కింద లెక్కగా వేశారు. చనిపోయినవాళ్లలో తేడా చూపామని వార్ గ్రేవ్స్ కమిషన్ 2021 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చి ఒప్పుకుంది. బ్రిటన్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. నూరేళ్లు పట్టింది.

తెల్లవాళ్ల కోసం అన్న మాటకు నా జవాబు ఇది. రెండు యుద్ధాల్లోనూ మన దేశంలో నిర్బంధ సైన్యం లేదు, కాగితం మీద అందరూ ఇష్టపడి చేరినవాళ్లే. ఆ ఇష్టం వెనుక ఎండిన చెరువు ఉంది, షావుకారు బాకీ ఉంది, ఊరి బావి దగ్గరికి రానివ్వని కులం ఉంది. శాపర్లలో, పయనీర్లలో మాల, మాదిగ కుటుంబాల కుర్రవాళ్లు ఎంతమంది ఉన్నారో చూస్తే, పటాలం దుస్తులు వాళ్లకు ఏమిచ్చాయో తెలుస్తుంది. మదనపల్లెలో అనీబిసెంట్ 1915లో కాలేజీ పెట్టింది, 1917లో ఆమెను నిర్బంధించారు, 1919లో రవీంద్రుడు అదే కాలేజీలో జనగణమనను ఇంగ్లీషు చేశాడు. అదే ఏళ్లలో, అదే తాలూకా నుంచి, ఒక కుర్రవాడు బస్రాకు ఓడ ఎక్కాడు. రవీంద్రుడూ, ఆ కుర్రవాడూ ఇద్దరూ మన ప్రాంతపు చరిత్రే. ఒకరిని తలుచుకుంటూ, ఇంకొకరిని అంకెలో వదిలేయడం న్యాయం కాదు.

పని ఇలా మొదలుపెట్టండి. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం ఊరు ఉంది కదా, తరతరాలుగా ఇంటికొకరు సైన్యానికి పోయిన ఊరు. అక్కడివాళ్లకు పేర్లు ఎందుకు గుర్తున్నాయంటే చెప్పుకుంటూ వచ్చారు కాబట్టి. మీ ఊళ్లో ఎనభై దాటిన అవ్వల దగ్గర కూర్చోండి. ఏ రెజిమెంటు అని అడిగితే తెలీదంటారు. ఎవరింటికి మనియార్డరు వచ్చేది, ఎవరు బూట్లు వేసుకుని తిరునాళ్లకు వచ్చేవాడు, ఎవరిని సుబేదారు అని పిలిచేవాళ్లు, ఎవరి పెళ్లాం బొట్టు తీయనని పంతం పట్టింది, అలా అడగండి. మాల వాడ, మాదిగ వాడలతోనే మొదలుపెట్టండి, అక్కడ ఎక్కువ దొరుకుతాయి. రెండు వందల పేజీల నోటుబుక్కులో ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. చెప్పినవారి పేరు, తేదీ కింద రాయండి. రెండు ఇళ్లలో రెండు మాటలు చెబితే రెండూ రాయండి.

రాతి మీది అంకెకు మీ పేజీలు సరిపోయే దాకా వెతకండి. ఒకటో రెండో తక్కువ పడితే ఆ పేజీల పైన నంబరు వేసి ఖాళీగా ఉంచండి.